పొర దాటితేనే ప్రాణం

పేగు కణం చుట్టూ ఉన్న పొరలోంచి ఉప్పు ఎలా లోపలికి వెళ్తుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు దశాబ్దాలు పట్టింది. అలా తెలిసినదాన్ని పసిపిల్లల మంచాల దగ్గర పరీక్షించి చూసిన నగరాల్లో రంగూన్ ఒకటి. ఒకప్పుడు మన తాతలు బస్తాలు మోసిన ఊరు అది. ఆ ఊరు నేర్పిన పాఠం మన ఇళ్లలో ఇంకా పూర్తిగా అమలు కాలేదు.

విరేచనాలు పట్టుకున్న చంటిబిడ్డకు తల్లి పాలివ్వాలా, మాన్పించాలా?

ఈ ప్రశ్న ఏ ఇంట్లో అడిగినా జవాబు చెప్పడానికి నలుగురు సిద్ధంగా ఉంటారు. "పాలు పడట్లేదు, ఒక పూట ఆపు" అంటుంది ఒక పెద్దావిడ. "పళ్లొస్తున్నాయిలే, అదే తగ్గుతుంది" అంటుంది ఇంకొకావిడ. లంఖణం పరమౌషధమన్న మాట ఎలాగూ ఉండనే ఉంది. బర్మాలోనూ 1980ల దాకా పరిస్థితి ఇంతే. డాక్టర్లలో సైతం కొందరు మొదటి రోజు పాలు ఆపమనేవారు. అలా ఆపడం మంచిదా చెడ్డదా అన్నది లెక్కగట్టి తేల్చాలని రంగూన్‌లోని వైద్య పరిశోధన శాఖకు చెందిన ఖిన్ మౌంగ్ ఊ, ఆయన సహచరులు నడుం కట్టారు.

రెండేళ్లలోపు వయసుండి, తీవ్రమైన విరేచనాలతో ఆసుపత్రికి వచ్చిన 52 మంది పిల్లలను వాళ్లు రెండు జట్లుగా చేశారు. 26 మందికి ఉప్పూ గ్లూకోజూ కలిపిన ద్రావణం ఓఆర్ఎస్‌తో పాటు తల్లిపాలూ ఇప్పించారు. మిగతా 26 మందికి మొదటి 24 గంటలు ఓఆర్ఎస్ మాత్రమే పట్టారు. ఎవరికి ఎన్నిసార్లు విరేచనమైందో, ఎవరు ఎంత ద్రావణం తాగారో రాసుకుంటూ పోయారు. పాలు తాగిన పిల్లలకు సగటున ఐదు విరేచనాలు తక్కువయ్యాయి. వాళ్లకు ఓఆర్ఎస్ కూడా సగటున అర లీటరు పైచిలుకు తక్కువే సరిపోయింది. ఈ ఫలితాలు 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి.

పాలిస్తే విరేచనాలు పెరుగుతాయని భయపడ్డవాళ్లకు ఇది సూటి జవాబు. అసలు పాలిస్తే ఎందుకు తగ్గాయి? అది తెలియాలంటే కంటికి కనిపించని ఒక పొర దగ్గరికి వెళ్లాలి.

రెండు తాళంచెవుల ద్వారం

మన ఒంట్లోని ప్రతి కణాన్నీ ఒక కొవ్వు పొర చుట్టి ఉంటుంది. మిల్లీమీటరును రెండు లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత మందం దానిది. నూనెలో ఉప్పు కరగదని వంట చేసేవాళ్లందరికీ తెలుసు. ఉప్పులోని సోడియం, క్లోరైడు నీళ్లలో విడివడి విద్యుదావేశమున్న అయాన్లుగా తిరుగుతుంటాయి. అవి కొవ్వు పొరను తమంతట తాము దాటలేవు. దాటించడానికి పొరలో అక్కడక్కడా ప్రోటీన్లు అమరి ఉంటాయి. వాటిలో కొన్ని ద్వారాలు, కొన్ని పంపులు. ఏ అయాను ఎప్పుడు, ఎటు, ఎంత వెళ్లాలో నిర్ణయించేది అవే. గుండె కొట్టుకోవడం, నరం కబురు మోయడం, కిడ్నీ నీళ్లు వడకట్టడం, పేగు నీళ్లు పీల్చడం అన్నీ ఈ రాకపోకల మీదే నడుస్తాయి.

డెన్మార్క్‌లో ఆర్హస్ విశ్వవిద్యాలయానికి చెందిన యెన్స్ క్రిస్టియన్ స్కౌ పీత కాళ్లలోని నరాల మీద పనిచేస్తూ 1957లో ఈ పంపుల్లో ముఖ్యమైనదాన్ని పట్టుకున్నారు. అదే సోడియం–పొటాషియం పంపు. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. ఊరికే పడుకుని ఉన్నప్పుడు కూడా మన శరీరం ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఈ పంపుకే పోతుంది. నలభై ఏళ్ల తర్వాత, 1997లో స్కౌకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఆ పంపును తిప్పే ఇంధనం ఏటీపీ. ఇక్కడ తెలుగువాళ్లు తలెత్తుకుని చెప్పుకోవలసిన పేరొకటి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలోనూ కాలేయంలోనూ ఉండే భాస్వరపు పదార్థాలను వేరుచేస్తూ 1929లో ఏటీపీ సంగతి ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా అదే కనుక్కున్నారు. ఆ పంపును స్కౌ పట్టుకోవడానికి 28 ఏళ్ల ముందే దాని ఇంధనాన్ని మన భీమవరం మనిషి చూశారు.

పేగు లోపలి గోడ కణాల్లో ఈ పంపు రక్తం వైపు ఉంటుంది. సోడియాన్ని అటు తోడేస్తూ ఉండడంతో కణం లోపల సోడియానికి ఎప్పుడూ కరువే. తిన్న తిండి ఉండే వైపు నుంచి సోడియం లోపలికి రావాలని ఒత్తుకుంటూ ఉంటుంది. ఆ వైపు పొరలో ఒక ప్రత్యేకమైన ద్వారముంది. బ్యాంకు లాకరు రెండు తాళంచెవులూ పడితేనే తెరుచుకున్నట్టు, సోడియమూ గ్లూకోజూ రెండూ వచ్చి కూర్చుంటేనే అది పనిచేస్తుంది. రెండు సోడియం అయాన్లకు ఒక గ్లూకోజు అణువు దాని లెక్క. రెండూ లోపలికి వెళ్లాక వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. సోడియం, గ్లూకోజు ఇలా జంటగా వెళ్తాయన్న ఊహను అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రేగ్ నగరంలో జరిగిన సదస్సులో ముందుంచారు. ఆ ద్వారపు జన్యువును 1987లో ఎర్నెస్ట్ రైట్ బృందం వేరుచేసింది. శాస్త్రవేత్తలు దాన్ని ఎస్‌జీఎల్‌టీ1 అంటారు.

కలరా చెరపలేకపోయింది

పెద్ద మనిషి పేగుల్లోకి రోజుకు ఎనిమిది, తొమ్మిది లీటర్ల ద్రవం చేరుతుంది. తాగింది రెండు లీటర్లయితే మిగిలినదంతా లాలాజలం, జఠరరసం, పైత్యరసం వగైరా. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాదాపు మొత్తం తిరిగి రక్తంలోకి వెళ్తుంది. కలరా సోకితే ఈ లెక్క తలకిందులవుతుంది. బయటికి పోయే నీళ్లు గంటకు ఒక లీటరు దాకా ఉండొచ్చు. పొద్దున ఆడుకున్న పిల్లవాడికి సాయంత్రానికి కళ్లు లోపలికి పోతాయి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోదు, ఏడిస్తే కన్నీళ్లు రావు.

ఇంత పని చేసేది కలరా క్రిమి వదిలే విషమని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేళ్ల పేగుల మీద నిరూపించారు. ఆ విషం కణంలోకి చేరి ఒక స్విచ్చిని వేసి వదిలేస్తుంది. దానితో క్లోరైడు బయటికి పోయే ద్వారాలు బార్లా తెరుచుకుంటాయి. క్లోరైడు వెంట సోడియం, సోడియం వెంట నీళ్లు. పేగు గోడ చిరగదు, తెగదు, ద్వారాలు మాత్రం మూతపడవు.

ఇంత విధ్వంసంలోనూ కలరా విషం సోడియం–గ్లూకోజు ద్వారం జోలికి పోదు. అది యథాప్రకారం పనిచేస్తూనే ఉంటుంది. ఉత్త నీళ్లు తాగిస్తే నిలవవు. ఉప్పునీళ్లు ఒక్కటే ఇచ్చినా అంతే. ఉప్పూ గ్లూకోజూ తగు పాళ్లలో కలిపి ఇస్తే మాత్రం ఒకవైపు పోతున్నదానికంటే ఎక్కువ ఇంకోవైపు లోపలికి చేరుతుంది.

ఇలాంటి ద్రావణం వైద్యంగా మారడానికి చాలామంది చెయ్యి వేశారు. కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ నోటి ద్వారా ఇచ్చే ద్రావణంతో కలరా రోగులకు చికిత్స చేసి 1953లోనే లాన్సెట్‌లో రాశారు. ఆయన మాటకు అప్పట్లో దక్కవలసిన విలువ దక్కలేదు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ గ్లూకోజు–ఉప్పు ద్రావణం పనితనాన్ని రోగుల మీద లెక్కలతో చూపారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు దిలీప్ మహలనబిస్ ఆ ద్రావణాన్ని డ్రమ్ముల్లో కలిపించి రోగుల బంధువుల చేతికే ఇచ్చారు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. నర్సులు కాదు, తల్లులూ అన్నదమ్ములూ గ్లాసులతో పట్టి బతికించుకున్నారు. ఈ శతాబ్దంలో ఇంతకు మించిన వైద్య పురోగతి ఉండకపోవచ్చన్న అభిప్రాయాన్ని 1978లో లాన్సెట్ తన సంపాదకీయంలో ప్రకటించింది.

రంగూన్ రేవూ, తెలుగు కూలీ

కలరాకు మందు తెలియని రోజుల్లో ఆ జబ్బు బర్మాలోని తెలుగువాళ్లను ఎలా కాల్చుకుతిన్నదో గుర్తు చేసుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకాల నుంచి విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల జనం కోరంగి, కాకినాడ, భీమిలి, విశాఖ రేవుల్లో ఓడలెక్కి రంగూన్ వెళ్లారు. అక్కడ వాళ్లను కోరంగీలన్నారు. ఓడల్లోకి బస్తాలెత్తింది, బియ్యం మిల్లుల్లో ధాన్యం మోసింది, రిక్షాలు లాగింది వాళ్లే. ఇరవై మంది ఒకే గదిలో సర్దుకునే బతుకుల్లో, చెడ్డ నీళ్లతో, విరేచనాల జబ్బులు పోయిందెప్పుడు?

1942 మార్చి 8న జపాన్ సేనలు రంగూన్‌లో అడుగుపెట్టాయి. ఓడల్లో చోటు దొరకని లక్షల మంది భారతీయులు కాలినడకన బయల్దేరారు. ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ మీదుగా అరకాన్ చేరే దారిలో కలరా చెలరేగింది. ఆకలికీ మలేరియాకూ కలరాకూ దారిపొడుగునా వేల మంది పోయారు. బర్మా నుంచి తిరిగి వచ్చినవాళ్ల జ్ఞాపకంగా విశాఖలో బర్మా క్యాంపు ఈనాటికీ ఉంది. ఆ దారిలో పిడికెడు చక్కెర, చిటికెడు ఉప్పు, కాచిన నీళ్లు, వాటిని కలిపే కొలత తెలిసిన ఒక మనిషి ఉన్నా ఎందరో దక్కేవారు. ఆ కొలత మనుషులకు తెలియడానికి మరో పాతికేళ్లు పట్టింది.

అన్నం పెట్టిన ప్రయోగం

బర్మా స్వతంత్రమయ్యాక 1963లో రంగూన్‌లో వైద్య పరిశోధన సంస్థ ఏర్పడింది. తర్వాత అదే వైద్య పరిశోధన శాఖగా మారింది. దగోన్ టౌన్‌షిప్‌లో, బుద్ధుడికి వైద్యం చేసిన జీవకుడి పేరున్న వీధిలో దాని కార్యాలయం ఉంది. బయటి ప్రపంచంతో సంబంధాలు అంతంతమాత్రంగా ఉన్న దేశంలో, డబ్బుకు కటకటగా ఉన్న రోజుల్లో, ఈ శాఖ శాస్త్రవేత్తలు తమ ప్రజల ఇళ్లలోంచే ప్రశ్నలను ఎంచుకున్నారు. నాకు వాళ్లలో గొప్పగా కనిపించేది ఇదే.

తల్లిపాల ప్రయోగాన్ని ఇప్పుడు పొర వైపు నుంచి చూడండి. పాలలో ఉండే తీపి పదార్థం లాక్టోజు. పేగులో అది గ్లూకోజు, గెలాక్టోజు అనే రెండు చక్కెరలుగా విడిపోతుంది. ఆ రెండూ వెళ్లేది అదే రెండు తాళంచెవుల ద్వారంలోంచి. ఓఆర్ఎస్‌లోని సోడియానికి తల్లిపాలు తోడు చక్కెరను అందిస్తాయి. పైగా బిడ్డకు పోషణ, రోగనిరోధక పదార్థాలు దక్కుతాయి. పాలు మాన్పిస్తే మనం ఆపేది విరేచనాన్ని కాదు, నీళ్లు లోపలికి వెళ్లే దారిని.

అన్నం విషయమూ అంతే. కలరా వచ్చిన పిల్లలకు ఉడికించిన అన్నం పెడితే ఏమవుతుందో కూడా ఖిన్ మౌంగ్ ఊ బృందమే పరీక్షించి 1986లో ప్రకటించింది. బియ్యపు పిండి గొలుసులా అల్లుకున్న గ్లూకోజే. గ్లూకోజును విడిగా ఎక్కువ పోస్తే అది నీళ్లను రక్తంలోంచి పేగులోకి లాగేస్తుంది. అన్నంలోని గొలుసు మాత్రం పేగు గోడ దగ్గర కొంచెం కొంచెంగా తెగి, తెగినది తెగినట్టే ద్వారంలోంచి లోపలికి పోతుంది. బంగ్లాదేశ్‌లోనూ ఇతర దేశాలలోనూ జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన 1992 నాటి విశ్లేషణలో, బియ్యపు పిండితో చేసిన ఓఆర్ఎస్ తాగిన కలరా రోగులకు మొదటి రోజు విరేచనాల పరిమాణం మూడో వంతు దాకా తగ్గినట్టు తేలింది. గంజిలో ఉప్పు వేసి తాగించే మన అమ్మమ్మల అలవాటులో ఎంత నిజముందో దీన్నిబట్టి తెలుస్తుంది.

రంగూన్ పరిశోధకులు అక్కడితో ఆగలేదు. పల్లెల్లో బడి ఈడు రాని పిల్లలకు అన్నం తినిపించి, తర్వాత వాళ్ల ఊపిరిని పట్టి, అందులో హైడ్రోజన్ ఎంత ఉందో కొలిచారు. మన కణాలు హైడ్రోజన్ వాయువును తయారుచేయవు. ఊపిరిలో అది పెరిగిందంటే అరగకుండా మిగిలిన అన్నం పేగులోని బాక్టీరియా పాలైందన్నమాట. ఎంతోమంది పిల్లల్లో అదే కనిపించింది. ఆ ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. పళ్లెంలో అన్నం ఉన్నా, పొట్టలో పడ్డా, పొర దాటకపోతే అది బిడ్డకు చెందదు. మురికి నీళ్లూ మురికి చేతులూ పసివాడి ముద్దను ఇలా దోచుకుంటాయి.

చేతుల సంగతినీ ఆ నగరమే తేల్చింది. రంగూన్ ఇళ్లలో ఆంగ్ మ్యో హాన్, థేన్ హ్లైంగ్ కొన్ని కుటుంబాలకు సబ్బు ఇచ్చి, దొడ్డికి వెళ్లొచ్చాక, వంటకు ముందు, తినే ముందు చేతులు కడుక్కోమన్నారు. ఆ ఇళ్ల పిల్లల్లో విరేచనాలు దాదాపు 30 శాతం తగ్గాయని 1989లో రాశారు.

పేరు ఒకటి, లోపల ఇంకొకటి

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఓఆర్ఎస్ అన్న మూడక్షరాలకు ఒక కచ్చితమైన కొలత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రస్తుత లెక్క ప్రకారం లీటరు నీళ్లకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు. ద్రావణంలో సోడియమూ గ్లూకోజూ సరిసమానంగా, లీటరుకు 75 మిల్లీమోల్స్ చొప్పున ఉంటాయి. పాత కొలతలో రెండూ ఎక్కువగా ఉండేవి. తగ్గిస్తే పిల్లలకు ఇంకా మేలని పరీక్షల్లో తేలాకే మార్చారు. గ్రాములో పదో వంతు కూడా ఆలోచించి పెట్టిన కొలత అది.

అలాంటి పేరును తియ్యటి పానీయాల డబ్బాల మీద అచ్చేసి మందుల షాపుల్లో అమ్ముతుంటే, హైదరాబాదులో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఊరుకోలేదు. తీపి ఎక్కువ, ఉప్పు తక్కువ ఉన్న పానీయం విరేచనాల బిడ్డకు పడితే నీళ్లను పేగులోకి లాగి జబ్బును ముదురుస్తుందని ఎనిమిదేళ్ల పాటు అడుగుతూనే వచ్చారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆహార పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాటను వాడకూడదని ఆదేశాలిచ్చింది. కణపు పొర గురించి తెలిసిన ఒక డాక్టరు, ఆ తెలివిడిని దుకాణం అరదాకా తీసుకెళ్లిన పోరాటం ఇది. కూల్‌డ్రింకుల్లో లీటరుకు 100 గ్రాములకు పైగా చక్కెర ఉండడం మామూలే. గ్లూకోజు పొడి ఒక్కటే నీళ్లలో కలిపి పట్టినా తాళంచెవి ఒకటే ఇచ్చినట్టు, రెండోది లేదు.

ఓఆర్ఎస్ అవసరం తీరిపోయిందా అంటే, లేదు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు తీసింది. ఒకప్పుడు రంగూన్‌కు కూలీలను పంపిన నేల అది. అదే ఏడాది వానల్లో, ఇప్పుడు యాంగాన్ అని పిలిచే ఆ రంగూన్‌లోనూ నీళ్ల విరేచనాలు చెలరేగాయి.

పొర కథ ఇంకా ఉంది

అయాన్ల రాకపోకల మీద పరిశోధన పేగుతో ఆగిపోలేదు. భారతీయ మూలాలున్న రజిని రావు అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఇదే పొర మీద ఏళ్ల తరబడి పనిచేశారు. రొట్టె పిండిని పొంగించే ఈస్టు కణాల్లో కాల్షియంను తోడే పంపులను ఆమె బృందం పరిశీలించింది. ఆ కోవకే చెందిన ఒక ప్రోటీనుకు రొమ్ము క్యాన్సర్ కణాల పెరుగుదలతో సంబంధముందని 2010లో, కణం లోపలి సంచుల్లో సోడియానికి హైడ్రోజన్‌ను మార్పిడి చేసే మరో ప్రోటీనులోని లోపాలకు ఆటిజంతో సంబంధముందని 2013లో రాసింది. ఈస్టులో దొరికిన కీలకం మనిషి మెదడు దాకా దారి చూపిస్తోంది. పీత కాలి నరం గురించి స్కౌ వెతుకుతున్నప్పుడు అది పసిపిల్లల మంచం దాకా వస్తుందని ఎవరనుకున్నారు? ఇప్పటి మౌలిక పరిశోధనకు డబ్బు ఇవ్వడానికి వెనకాడే పాలకులు ఈ వరస ఒక్కసారి చూడాలి.

ఇంట్లో చేయవలసింది

• విరేచనాలు మొదలైన క్షణం నుంచే ఓఆర్ఎస్. ప్యాకెట్టు మొత్తాన్ని, దాని మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపాలి. సగం ప్యాకెట్టు, సగం నీళ్లు అంటూ అంచనాతో కలపకూడదు. కలిపింది 24 గంటల్లో వాడేయాలి.

• ప్యాకెట్టు దొరకని చోట లీటరు నీళ్లకు తలగొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

• వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొంచెం కొంచెంగా మళ్లీ పట్టాలి.

• తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపొద్దు. అన్నం తినే బిడ్డకు మెత్తటి అన్నం, పప్పు, పెరుగు, ఉప్పు వేసిన గంజి పెట్టాలి.

• డాక్టరు చెప్పినట్టు జింకు 10 నుంచి 14 రోజులు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవాళ్లకు 10. విరేచనాలు ఆగినా మధ్యలో మానొద్దు.

• రక్తం పడినా, బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, మూత్రం ఆగినా ఆసుపత్రికి పరుగెత్తాలి. అక్కడ సెలైన్ కావలసి రావచ్చు. దారిలో కూడా ఓఆర్ఎస్ పడుతూనే ఉండాలి.

ఆశా కార్యకర్త సంచిలో, అంగన్‌వాడీ బీరువాలో ఓఆర్ఎస్, జింకు ఉంటాయి. ఉచితంగానే ఇస్తారు. అయినా విరేచనాలనగానే ముందు సెలైన్ ఎక్కించమని అడిగే అలవాటు మనలో పోలేదు. సీసా కట్టి సూది గుచ్చితేనే వైద్యమన్న భ్రమ, గ్లాసుతో పట్టే ద్రావణాన్ని చులకన చేస్తోంది. ఆ గ్లాసులో ఉన్నది ఆర్హస్, హార్వర్డ్, కలకత్తా, ఢాకా, రంగూన్ పరిశోధకుల దశాబ్దాల కష్టమని బడిలో పిల్లలకు చెప్పాలి. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో కణం బొమ్మ గీయించే టీచరు, అదే పీరియడులో ఆ ద్రావణాన్ని కొలతతో కలిపించి చూపాలి. అది చూసిన పిల్ల ఇంటికెళ్లి తమ్ముడికి విరేచనాలయ్యే రోజున "అమ్మా, పాలు ఆపొద్దు" అని కారణంతో సహా చెప్పగలిగితే, ఈ విజ్ఞానం చేరవలసిన చోటికి చేరినట్టు. అందుకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. బడి, అంగన్‌వాడీ, ఇల్లు ఒకే మాట చెబితే చాలు.